ఎక్స్‌టెన్షన్ వేశాక కూడా ఏప్రిల్ 15కే డబ్బు ఎందుకు కట్టాలి?

ఏప్రిల్ రెండో వారం వచ్చిందంటే అమెరికాలోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది: "మా సీపీఏ (పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్) ఎక్స్‌టెన్షన్ వేసేశాడు, ఇక అక్టోబర్ దాకా టెన్షన్ లేదు." ఇందులో సగమే నిజం. రిటర్న్ దాఖలు చేసే గడువు అక్టోబర్ 15కి జరిగిన మాట వాస్తవమే, కానీ కట్టాల్సిన పన్ను ఏమైనా ఉంటే దాని గడువు ఏప్రిల్ 15 దగ్గరే ఉండిపోయింది. ఆ సంగతి చాలామందికి అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ నుంచి ఉత్తరం వచ్చినప్పుడే తెలుస్తుంది. అప్పటికి వడ్డీ ఆరేడు నెలలుగా పెరుగుతూనే ఉంటుంది.

దీనికి వ్యతిరేక దిశలో ఇంకో పొరపాటు కూడా ఉంది, నా ఉద్దేశంలో అది ఇంతకంటే ఖరీదైనది: "చేతిలో డబ్బు లేదు కదా, ఎక్స్‌టెన్షన్ వేసి ఏం లాభం" అని అసలేమీ వేయకుండా ఊరుకోవడం. ఎందుకు ఖరీదో లెక్కల్లో చూద్దాం, ముందు అసలు ఏది వాయిదా పడుతుందో తేల్చుకుందాం.

వాయిదా పడేది కాగితం, డబ్బు కాదు

అమెరికా పన్ను చట్టంలో రిటర్న్ వేయడం ఒక బాధ్యత, పన్ను కట్టడం ఇంకో బాధ్యత. మామూలుగా రెండూ ఒకే రోజున పడతాయి కాబట్టి తేడా మన దృష్టికి రాదు. గడువు పొడిగించే అధికారం ఇచ్చే 6081 సెక్షన్ రిటర్న్ గురించి మాత్రమే మాట్లాడుతుంది, పన్ను ఎప్పుడు కట్టాలో చెప్పే 6151 సెక్షన్ అయితే పొడిగింపుతో సంబంధం లేకుండా అసలు గడువు తేదీకే కట్టాలంటుంది. మొత్తం గొడవ ఈ రెండు సెక్షన్ల మధ్యే ఉంది.

ఎక్స్‌టెన్షన్ కోసం వేసేది ఫారం 4868. కారణం చెప్పక్కర్లేదు, ఎవరూ అడగరు, వేస్తే ఆరు నెలలు దానంతటదే వస్తుంది. ఇది ఎప్పుడూ ఇంత తేలిక కాదు, 2006కు ముందు నాలుగు నెలలే దానంతట వచ్చేవి, మిగతా రెండు నెలలకు ఇంకో ఫారం వేసి కారణం రాయాల్సి వచ్చేది. అంతకంటే వెనక్కి, 1990ల మొదట్లో, బాకీ మొత్తం కట్టకపోతే ఎక్స్‌టెన్షనే ఇచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు ఒక్క డాలర్ కట్టకపోయినా ఎక్స్‌టెన్షన్ వస్తుంది. అలా వస్తుంది కాబట్టే కట్టక్కర్లేదేమో అన్న అపోహ కూడా బలపడింది.

బాకీ అంటే ఏమిటో కూడా ఒక మాట. మీ జీతంలోంచి కంపెనీ ఏడాది పొడవునా కోసి ఐఆర్ఎస్‌కు పంపే పన్ను, ఏడాది జీతం చూపే డబ్ల్యూ-2 ఫారంలో కనిపిస్తుంది. ఏడాది మొత్తానికి మీరు కట్టాల్సిన పన్నులోంచి దాన్ని తీసేస్తే మిగిలేదే బాకీ. రీఫండ్ వచ్చేవాళ్లకు బాకీ లేదు, వాళ్లకు బాకీ మీద లెక్కగట్టే పెనాల్టీలు వర్తించవు. కాకపోతే ఆ రీఫండ్ అడగడానికి మూడేళ్ల పరిమితి ఉంటుంది. అసలు చిక్కు, రీఫండ్ వస్తుందని అనుకుంటూ చివరికి బాకీ తేలేవాళ్లది.

ఇండియా అలవాటు, కోవిడ్ జ్ఞాపకం

మనవాళ్లు ఇంతగా తికమకపడటానికి ఒక కారణం ఇండియా నుంచి తెచ్చుకున్న అలవాటు. అక్కడ పొడిగింపు ఎవరికివారు అడిగేది కాదు, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ప్రకటిస్తే అందరికీ ఒకేసారి వస్తుంది. 2025లో జులై 31 గడువును సెప్టెంబర్ 15కి, ఆఖరి నిమిషంలో మరో రోజు కలిపి 16కి మార్చారు గుర్తుందా, అలా. అక్కడ గడువు తేదీయే జరుగుతుంది కాబట్టి ఆలస్యంగా వేసినందుకు 234ఏ సెక్షన్ కింద నెలకు ఒక శాతం వడ్డీ కూడా కొత్త తేదీ నుంచే లెక్కకొస్తుంది. అలాగని అక్కడా అంతా మాఫీ కాదు, అడ్వాన్స్ ట్యాక్స్ తక్కువ కట్టినందుకు 234బీ వడ్డీ ఏప్రిల్ నుంచి పెరుగుతూనే ఉంటుంది.

రెండో కారణం అమెరికాలోనే ఉంది. 2020లో కోవిడ్ వల్ల ఏప్రిల్ 15ను జులై 15కి, 2021లో మే 17కి మార్చినప్పుడు దాఖలుతో పాటు చెల్లింపు కూడా వాయిదా పడింది. 2023లో వానలు, వరదల తర్వాత కాలిఫోర్నియాలోని దాదాపు అన్ని కౌంటీలకు గడువును అక్టోబర్ 16కి, తీరా ఆ రోజు వచ్చాక నవంబర్ 16కి జరిపారు. బే ఏరియాలో ఉన్నవాళ్లు ఆ ఏడాది ఏమీ కట్టకుండా, ఏ ఫారమూ వేయకుండా, ఏ పెనాల్టీ లేకుండా హాయిగా గడిపేశారు. 2025లో లాస్ ఏంజెలిస్ కార్చిచ్చుల తర్వాత ఆ కౌంటీ వాళ్లకూ అక్టోబర్ 15 దాకా అలాంటి వెసులుబాటే వచ్చింది. ఇవన్నీ విపత్తు వల్ల ప్రభుత్వం ఇచ్చిన వాయిదాలు. మనంతట మనం 4868 వేసి తెచ్చుకునే ఎక్స్‌టెన్షన్ వేరు, పేరు ఒకేలా వినిపించినా చట్టంలో రెండింటికీ పోలికే లేదు.

రెండు పెనాల్టీలు, వాటి పక్కన వడ్డీ

రిటర్న్ వేయనందుకు పడే పెనాల్టీ బాకీ మీద నెలకు 5 శాతం, గరిష్ఠంగా 25 శాతం. నెలలో ఒక్క రోజు గడిచినా పూర్తి నెల కిందే లెక్క.

పన్ను కట్టనందుకు పడేది నెలకు అర శాతం. దీనికీ గరిష్ఠం 25 శాతమే, కానీ అక్కడికి చేరడానికి నాలుగేళ్లు పైనే పడుతుంది.

మొదటిది రెండోదానికి పది రెట్లు, గమనించారా. రెండూ ఒకే నెలలో పడితే మొదటిదాన్ని 4.5కి తగ్గించి మొత్తం 5 దాటకుండా చూస్తారు. రిటర్న్ 60 రోజులకు మించి ఆలస్యమైతే కనీస పెనాల్టీ అని ఒకటుంది, ఏటా కొద్దిగా పెరుగుతూ ఇప్పుడు 500 డాలర్లు దాటింది. బాకీ అంతకంటే చిన్నదైతే బాకీ ఎంతో అంతే పెనాల్టీ.

ఇక వడ్డీ. అది పెనాల్టీ కాదు, తప్పు ఎవరిదన్నది దానికి అనవసరం. ప్రభుత్వ స్వల్పకాలిక రేటుకు 3 శాతం కలిపి మూడు నెలలకోసారి నిర్ణయిస్తారు, చక్రవడ్డీ మాత్రం రోజువారీ పడుతుంది. 2025 ఏడాదంతా ఇది 7 శాతం. పెనాల్టీని కారణం చూపించి మాఫీ చేయించుకోవచ్చు, అంతకుముందు మూడేళ్ల రికార్డు శుభ్రంగా ఉంటే మొదటిసారి మినహాయింపు కూడా అడగొచ్చు. పన్ను మీద వడ్డీని మాత్రం అలా వదిలిపెట్టరు.

ఎక్స్‌టెన్షన్ ఆపేది ఆ 5 శాతాన్ని మాత్రమే. అర శాతం, వడ్డీ ఏప్రిల్ 16 నుంచి నడుస్తూనే ఉంటాయి.

పదివేల డాలర్ల బాకీ, నాలుగు దారులు

డాలస్‌లో ఒక జంటను ఊహించుకుందాం. ఇద్దరూ ఐటీ ఉద్యోగులే. జీతంలోంచి ఎంత పన్ను కోయాలో చెప్పే డబ్ల్యూ-4 ఫారం కంపెనీలో నింపేటప్పుడు ఇద్దరూ "మ్యారీడ్" అని టిక్కు పెట్టి, రెండో సంపాదన ఉందని చెప్పే గడిని ఖాళీగా వదిలేశారు కాబట్టి రెండు చోట్లా తక్కువ కోశారు. దానికి తోడు కొన్ని షేర్లు అమ్మిన లాభం. ఏడాది పన్ను మొత్తం 60,000 డాలర్లు, కోసింది 50,000, బాకీ 10,000. వీళ్లు పెట్టుబడి పెట్టిన అపార్ట్‌మెంట్ భాగస్వామ్యం నుంచి, లాభంలో వీళ్ల వాటా చెప్పే కే-1 కాగితం ఇంకా రాలేదు, అది సెప్టెంబర్‌లో గాని రాదంటున్నారు, కాబట్టి రిటర్న్ అక్టోబర్ 15న వేస్తారు. వడ్డీ 7 శాతమే అనుకుందాం.

మొదటి దారి, ఏప్రిల్‌లో ఏమీ చేయకపోవడం. ఎక్స్‌టెన్షన్ లేదు, డబ్బూ కట్టలేదు. రిటర్న్ ఆలస్యానికి ఐదు నెలలకు 4.5 చొప్పున 2,250 డాలర్లు, చెల్లింపు ఆలస్యానికి ఆరు నెలలకు 300, పన్ను మీద వడ్డీ సుమారు 357, పెనాల్టీ మీద కూడా వడ్డీ పడుతుంది కాబట్టి అదో 80. అంతా కలిపి దాదాపు 3,000.

రెండో దారి, ఎక్స్‌టెన్షన్ వేసి ఏమీ కట్టకపోవడం. 300 పెనాల్టీ, 357 వడ్డీ, మొత్తం 657. అంటే ఐదు నిమిషాల్లో పూర్తయ్యే ఒక ఉచిత ఫారం 2,300 డాలర్లకు పైగా మిగిల్చింది, పైసా కట్టకుండానే.

మూడో దారి, ఎక్స్‌టెన్షన్ వేస్తూ 4,000 కట్టి, మిగతా 6,000 అక్టోబర్‌లో రిటర్న్‌తో పాటు కట్టడం. ఇక్కడ పెనాల్టీ సున్నా, వడ్డీ సుమారు 214. 4,000 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కింద చెప్తాను.

నాలుగో దారి, 10,000 మొత్తం ఏప్రిల్ 15లోపు కట్టేయడం. అదనపు ఖర్చేమీ లేదు.

రెండో దారికి, నాలుగో దారికి మధ్య తేడా 657 డాలర్లు. మొదటి దారికి, రెండో దారికి మధ్య తేడా దానికి మూడు రెట్ల పైనే. అందుకే డబ్బు లేకపోవడం ఎక్స్‌టెన్షన్ వేయకపోవడానికి కారణం కాకూడదు అంటారు. నిజానికి డబ్బు లేనివాడికే అది ఎక్కువ అవసరం.

90 శాతం దాటితే పెనాల్టీ ఎందుకు పడదు

ఐఆర్ఎస్ నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. ఏడాది మొత్తం పన్నులో కనీసం 90 శాతం అసలు గడువులోపు చేరి ఉండి, మిగిలింది ఎక్స్‌టెన్షన్ గడువులోపు రిటర్న్‌తో పాటే కట్టేస్తే, చెల్లింపు ఆలస్యానికి తగిన కారణం ఉన్నట్టే భావించి అర శాతం పెనాల్టీ వేయరు. జీతంలో కోసింది, మూడు నెలలకోసారి కట్టిన ఎస్టిమేటెడ్ ట్యాక్స్, ఎక్స్‌టెన్షన్‌తో కట్టింది అన్నీ ఈ 90లోకి వస్తాయి. మన జంటకు 60,000లో 90 శాతం అంటే 54,000, అందులో 50,000 ముందే కోశారు, కాబట్టి ఇంకో 4,000 కట్టారు.

ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. 90 శాతం చూసేది ఏప్రిల్‌లో మీరు వేసుకున్న అంచనా మీద కాదు, చివరికి తేలిన అసలు పన్ను మీద. కే-1 వచ్చాక పన్ను 60,000 కాదు 66,000 అని తేలిందనుకోండి. కట్టిన 54,000 అందులో 82 శాతమే. వెసులుబాటు పోయింది, మిగిలిన 12,000 మొత్తం మీద 3 శాతం లెక్కన 360 పెనాల్టీ, సుమారు 428 వడ్డీ. సరిగ్గా గీత మీద నిలబడేలా కట్టడం తెలివిగానే కనిపిస్తుంది గానీ, లెక్కలో తెలియని అంకె ఒకటి ఉన్నప్పుడు కాస్త ఎక్కువే కట్టడం మేలని చాలామంది సీపీఏలు అందుకే అంటారు.

దీన్ని ఇంకో 90 శాతంతో కలిపేయొద్దు. ఏడాది పొడవునా తగినంత పన్ను కట్టలేదని వేసే ఎస్టిమేటెడ్ ట్యాక్స్ పెనాల్టీ వేరే ఉంది. అక్కడా ఈ ఏడాది పన్నులో 90 శాతమో, కిందటేడాది పన్నులో 100 శాతమో, ఆదాయం లక్షా యాభై వేల డాలర్లు దాటినవాళ్లకైతే 110 శాతమో కట్టి ఉండాలి. ఏప్రిల్‌లో మొత్తం కట్టేసినా, ఎక్స్‌టెన్షన్ వేసినా, అప్పటికే పడిపోయిన ఆ పెనాల్టీ పోదు.

లెక్కే తేలనప్పుడు ఎంత కట్టాలో ఎలా తెలుస్తుంది

ఇదే అసలు ప్రశ్న. లెక్క తేలకపోవడం వల్లే కదా ఎక్స్‌టెన్షన్ వేసేది, తేలని లెక్క మీద డబ్బెలా కట్టమంటారు? చట్టం అడిగేది కచ్చితమైన అంకె కాదు, సరైన అంచనా. ఫారం 4868 నాలుగో లైన్‌లో మొత్తం పన్ను అంచనా, ఐదులో ఇప్పటికే కట్టింది, ఆరులో బాకీ, ఏడులో ఇప్పుడు కడుతున్నది రాయాలి. ఆరులో 10,000 ఉండి ఏడులో సున్నా ఉన్నా ఎక్స్‌టెన్షన్ చెల్లుతుంది. నాలుగో లైన్‌లోనే ఊరికే ఏదో ఒక అంకె పడేస్తే మాత్రం ప్రమాదం. 1989లో ఒక కేసులో అమెరికా ట్యాక్స్ కోర్టు, అందుబాటులో ఉన్న వివరాలు సేకరించే ప్రయత్నం కూడా చేయకుండా అంచనా వేశారని చెప్పి ఆ ఎక్స్‌టెన్షనే చెల్లదంది. ఎక్స్‌టెన్షన్ చెల్లకపోతే ఆ 5 శాతం పెనాల్టీ ఏప్రిల్ నుంచీ లెక్కకొస్తుంది. ఇది రోజూ జరిగేది కాదు, నిజాయతీగా వేసిన అంచనా తప్పిపోయినంత మాత్రాన ఎక్స్‌టెన్షన్ పోదు. అయినా కొందరు అలవాటుగా నాలుగో లైన్‌లో సున్నా వేసి పంపేస్తుంటారు, ఆ సున్నాకు వాళ్ల దగ్గర ఏ కాగితమూ ఆధారంగా ఉండదు.

మనవాళ్ల అంచనాలు తప్పేది ఎక్కువగా ఇండియా ఆదాయం దగ్గర. విదేశీ సంపాదన దాచుకునే ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి ఇక్కడా లేదనుకుంటారు. ఉంది, పూర్తిగా ఉంది. ఇండియాలోని ఆదాయం వేసుకునే ఎన్ఆర్ఓ ఖాతా వడ్డీ మీద ఇండియా బ్యాంకు సెస్‌తో కలిపి 31.2 శాతం టీడీఎస్ కోస్తుంది, మన అమెరికా శ్లాబు 24 శాతమే కదా, ఇక ఇక్కడ కట్టేదేముంది అనుకుంటారు. అది కూడా తప్పే. రెండు దేశాల ఒప్పందం ప్రకారం ఆ వడ్డీ మీద ఇండియా తీసుకోగలిగేది సాధారణంగా 15 శాతం, అంతకు మించి కోసింది ఇండియాలో రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాల్సిందే, అమెరికా దాన్ని క్రెడిట్‌గా ఒప్పుకోదు. 5 లక్షల రూపాయల వడ్డీ తీసుకుంటే టీడీఎస్ 1,56,000, అమెరికా ఒప్పుకునేది 75,000, అమెరికా పన్ను 24 శాతం లెక్కన 1,20,000, కాబట్టి ఇక్కడ ఇంకా 45,000 రూపాయలకు సమానమైన డాలర్లు కట్టాలి. ఆదాయం ఎక్కువున్నవాళ్లకు దీని మీద 3.8 శాతం పెట్టుబడి ఆదాయ పన్ను అదనం.

పైగా ఇండియా ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి, ఇక్కడిది జనవరి నుంచి డిసెంబర్. బ్యాంకు సర్టిఫికెట్ రెండు ఆర్థిక సంవత్సరాలవి తెప్పించుకుని ముక్కలు చేసి అతికించాలి. ఇలాంటివాళ్లకు ఎక్స్‌టెన్షన్ బద్ధకం కాదు, అవసరం. కానీ డిసెంబర్ 31 దాకా ఎంత వడ్డీ పడిందో నెట్ బ్యాంకింగ్‌లో కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి అంచనాకు మాత్రం అడ్డు లేదు.

ఆర్ఎస్‌యూల (జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చే షేర్ల) విషయమూ అంతే. షేర్లు వెస్ట్ అయి మన సొంతమైనప్పుడు చాలా కంపెనీలు 22 శాతమే కోస్తాయి. 32 శాతం శ్లాబులో ఉన్నవారికి ఆ శ్లాబులో పడ్డ ప్రతి లక్ష డాలర్లకు పదివేలు తక్కువ కోసినట్టు. ఇది జనవరిలో వచ్చిన డబ్ల్యూ-2 చూస్తేనే తెలిసిపోతుంది.

ఎక్కువ కట్టాలా, ఆపుకోవాలా, అసలు ఎక్స్‌టెన్షనే వద్దా

దీని మీద ఏకాభిప్రాయం లేదు. అంచనాకు పైన ఓ వెయ్యో రెండు వేలో కలిపి కట్టేయమనేవాళ్లు ఒక వర్గం. ఎక్కువైతే రీఫండ్ వస్తుంది, లేదా వచ్చే ఏడాది పన్నుకు జమ చేసుకోవచ్చు. ఇందులో నష్టం, ఆ డబ్బు ఆరు నెలలు వడ్డీ లేకుండా అక్కడ ఉండిపోతుంది.

రెండో వర్గం డబ్బుకున్న విలువను లెక్కేస్తుంది. కట్టకపోతే ఏడాదికి 7 వడ్డీ, 6 పెనాల్టీ, మొత్తం సుమారు 13 శాతం ఖర్చు. 90 శాతం గీత దాటినవాళ్లకైతే 7 శాతమే. ఇంటి డౌన్ పేమెంటో, ఇండియాలో అమ్మానాన్నల ఆపరేషనో నెత్తిమీద ఉన్నప్పుడు 7 శాతానికి దొరికే అప్పు చెడ్డదేం కాదు, చాలా క్రెడిట్ కార్డుల వడ్డీ 20 శాతం పైనే. ఆ వాదన 7 శాతం దగ్గర నిలుస్తుంది, 13 దగ్గర బలహీనపడుతుంది, ఎందుకంటే కచ్చితంగా 13 శాతం తెచ్చే పెట్టుబడి ఎవరి దగ్గరా లేదు.

మూడో వర్గం అసలు ఎక్స్‌టెన్షన్ వద్దంటుంది. ఉన్న వివరాలతో ఏప్రిల్‌లోనే రిటర్న్ వేసేసి, తర్వాత తేడా వస్తే 1040-ఎక్స్ అనే సవరణ రిటర్న్‌తో సరిచేసుకోండి అంటారు. వడ్డీ, డివిడెండ్ లాంటి ఆదాయం చూపే చిన్న 1099 ఫారం ఒకటి ఆలస్యమైతే ఇది సరిపోవచ్చు. కానీ కే-1 రావాల్సి ఉందని తెలిసీ దాన్ని వదిలేసి, అంతా సత్యమేనని సంతకం పెట్టడం వేరే సంగతి, పైగా రెండోసారి సీపీఏ ఫీజు. ఎక్స్‌టెన్షన్ వేస్తే ఆడిట్ వస్తుందన్న భయం కూడా దీని వెనక కొంత ఉంది. ఏటా లక్షల మంది వాడుకునే, కారణమే అడగని ఒక వెసులుబాటును ఐఆర్ఎస్ అనుమానంగా చూస్తుందనడానికి ఆధారమైతే కనిపించదు.

వీసా, ఇండియా ప్రయాణం, ఇంకొన్ని ఫారాలు

అక్టోబర్ 1న ఓపీటీ (చదువు తర్వాత పనిచేసే అనుమతి) నుంచి హెచ్-1బీ ఉద్యోగ వీసాలోకి మారినవాళ్లది ప్రత్యేకమైన కేసు. ఆ ఏడాదికి పన్ను లెక్కలో రెసిడెంట్‌గా ఎంచుకునే "ఫస్ట్ ఇయర్ చాయిస్" కావాలంటే తర్వాతి ఏడాది, అమెరికాలో ఉన్న రోజులు లెక్కేసే 183 రోజుల పరీక్ష దాటే దాకా ఆగాలి. కిందటేడాది 92 రోజుల్లో మూడో వంతు అంటే సుమారు 30 కలుస్తాయి, మిగతావి నిండేసరికి జూన్ మొదటి వారం. అందాకా ఎక్స్‌టెన్షన్ తప్పదు. ఇక్కడ ఐఆర్ఎస్ ఏమంటుందంటే, ఎక్స్‌టెన్షన్‌తో కట్టాల్సిన డబ్బును ఏడాదంతా నాన్ రెసిడెంట్ అయినట్టే లెక్కగట్టమంటుంది. ఆ లెక్కలో పన్ను సాధారణంగా ఎక్కువే వస్తుంది, తర్వాత రెసిడెంట్‌గా రిటర్న్ వేసినప్పుడు తేడా రీఫండ్‌గా వస్తుంది.

జూన్ 15 గురించి ఇంకో గందరగోళం. అమెరికా బయట నివసిస్తూ, ప్రధానంగా అక్కడే పనిచేసే సిటిజన్లకు, గ్రీన్ కార్డు వాళ్లకు దాఖలుకూ చెల్లింపుకూ రెండు నెలలు దానంతటవే వస్తాయి, వడ్డీ మాత్రం ఏప్రిల్ 15 నుంచే. హైదరాబాద్‌కు మకాం మార్చేసినవాళ్లకు ఇది వర్తిస్తుంది. ఏప్రిల్‌లో తమ్ముడి పెళ్లికి విజయవాడ వెళ్లి మూడు వారాలున్నవాళ్లకు వర్తించదు.

ఎక్స్‌టెన్షన్ వల్ల డబ్బుతో సంబంధం లేని ఒక లాభం ఉంది. ఇండియాలో తల్లిదండ్రులు పొలం అమ్మి ఇక్కడ ఇల్లు కొనుక్కోమని పంపిన డబ్బు ఏడాదిలో లక్ష డాలర్లు దాటితే ఫారం 3520 వేయాలి. దాని మీద పన్ను లేదు, కానీ ఆలస్యమైతే వచ్చిన మొత్తం మీద నెలకు 5 శాతం, 25 శాతం దాకా పెనాల్టీ. 4868 వేసి ఉంటే దీని గడువు కూడా అక్టోబర్ 15కి వెళ్తుంది. విదేశీ బ్యాంకు ఖాతాల వివరాలిచ్చే ఎఫ్‌బార్‌కు ఎవరూ అడగకుండానే అక్టోబర్ 15 దాకా సమయం ఉంటుంది. రిటైర్మెంట్ ఖాతా ఐఆర్ఏ, వైద్య ఖర్చుల ఖాతా హెచ్ఎస్ఏలలో వేసే డబ్బుకు మాత్రం ఏప్రిల్ 15 దాటితే ఆ ఏడాది అవకాశం పోయినట్టే, ఎక్స్‌టెన్షన్ కాపాడదు.

రాష్ట్రం లెక్క వేరు

టెక్సస్, ఫ్లోరిడా వాళ్లు ఈ భాగం వదిలేయొచ్చు, అక్కడ రాష్ట్ర ఆదాయ పన్నే లేదు. కాలిఫోర్నియాలో ఏ ఫారమూ వేయకుండానే ఆరు నెలలు వస్తాయి, డబ్బు మాత్రం ఏప్రిల్ 15కే. కట్టకపోతే బాకీ మీద మొదటి దెబ్బలోనే 5 శాతం, ఆపైన నెలకు అర శాతం, అంటే 2,000 డాలర్ల బాకీకి మొదటి రోజే వంద పోయినట్టు. న్యూజెర్సీలో రాష్ట్ర పన్నులో 80 శాతం గడువులోపు కట్టి ఉంటేనే ఎక్స్‌టెన్షన్ చెల్లుతుంది. ఫెడరల్‌లో ఏమీ కట్టకపోయినా చెల్లుతుంది కదా అనే ధీమాతో ఎడిసన్‌లో ఉన్నవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. వర్జీనియా గడువు మే 1, అక్కడ పెనాల్టీ పడకూడదంటే 90 శాతం చేరి ఉండాలి.

కట్టే పద్ధతి, కట్టలేనివాళ్ల పద్ధతి

ఐఆర్ఎస్ డైరెక్ట్ పే ద్వారా బ్యాంకు ఖాతా నుంచి కడుతూ కారణంగా "ఎక్స్‌టెన్షన్" ఎంచుకుంటే 4868 విడిగా వేయనవసరం లేదు, ఆ చెల్లింపే ఎక్స్‌టెన్షన్ కింద లెక్క. పొరపాటున కారణం దగ్గర "ఎస్టిమేటెడ్ ట్యాక్స్" అనో, సంవత్సరం దగ్గర కొత్త ఏడాదో నొక్కితే డబ్బు వెళ్తుంది గానీ ఎక్స్‌టెన్షన్ రాదు. క్రెడిట్ కార్డుతో కట్టొచ్చు, మధ్యలో ఉన్న సంస్థ దాదాపు రెండు శాతం తీసుకుంటుంది.

మొత్తం కట్టలేనివాళ్లు ఉన్నంత కడితే మిగిలినదాని మీదే పెనాల్టీ, వడ్డీ. బాకీ అంతా కలిపి లక్ష డాలర్ల లోపుంటే 180 రోజుల గడువు ఫీజు లేకుండా దొరుకుతుంది, 50,000 లోపుంటే నెలవారీ వాయిదాలకు ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. చెల్లింపుకే గడువు పెంచమని అడిగే ఫారం 1127 కూడా ఉంది, కానీ ఆస్తి నష్టానికి అమ్ముకోవాల్సి వచ్చేంత ఇబ్బంది ఉందని కాగితాలతో చూపించాలి. నెలవారీ వాయిదాలు మంజూరయ్యాక అర శాతం పెనాల్టీ పావు శాతానికి తగ్గుతుంది, అదీ రిటర్న్‌ను ఎక్స్‌టెన్షన్‌తో కలిపి సమయానికి వేసినవాళ్లకే. అక్టోబర్ 15 కూడా దాటిపోతే ఇక పొడిగింపు ఉండదు, మరుసటి రోజు నుంచి, అప్పటికి మిగిలిన బాకీ మీద, ఆ 5 శాతం పెనాల్టీ మొదలవుతుంది.